ఒకే కారుకి రెండు ఇన్సూరెన్సులు పడ్డాయి, ఒకటి క్యాన్సిల్ చేస్తే ఎంత వెనక్కొస్తుంది?

సింగ్‌నగర్ శీను (ఫిబ్రవరి 3)

అందరికీ నమస్కారం. పోస్టు కొంచెం పెద్దది, ఓపిక చేసుకుని చదవండి. మాది విజయవాడ. కారు స్విఫ్ట్, 1197 సీసీ పెట్రోలు, ఆర్‌సీ నాన్న పేరు మీద ఉంది, నడిపేది నేను. పాలసీ జనవరి 11 అర్ధరాత్రితో అయిపోతోందని ఫోన్‌కి మెసేజిల మీద మెసేజిలు వస్తుంటే 8వ తారీఖు రాత్రి అన్నం తిని కూర్చుని ఆన్‌లైన్‌లో ఒక ప్రైవేటు కంపెనీది తీసుకున్నా. నా కార్డు మీద 9,558 కట్టా. నాన్నకి చెప్పలేదు, అదేం చెప్పాల్సిన విషయం అనిపించలేదు. ఆయనేమో 10వ తారీఖున పాత ఏజెంటు గారు ఇంటికొస్తే టీ ఇచ్చి కూర్చోబెట్టి 11 వేల 600 చిల్లర లెక్కపెట్టి ఆయన చేతిలో పెట్టేశారు, అది ఒక ప్రభుత్వ రంగ కంపెనీ పాలసీ. ఆయనా నాకు చెప్పలేదు. మొన్న ఆదివారం కారు కడుగుతూ డ్యాష్‌బోర్డు సొరుగు తీస్తే అగరబత్తి కవరు కింద నాలుగు మడతలు పెట్టిన కొత్త పాలసీ కాగితం బయటపడింది. ఇంట్లో పెద్ద సీనే అయింది, అమ్మ మాత్రం ఇప్పటికీ నవ్వుతూనే ఉంది.

రెండూ జనవరి 12 నుంచే మొదలు. ఇవాళ్టికి 23 రోజులు. రెండింటిలోనూ క్లెయిమ్ ఏమీ లేదు.

ఆన్‌లైన్ కంపెనీకి ఫోన్ చేస్తే ఎత్తిన అమ్మాయి "సార్, షార్ట్ పీరియడ్ స్కేల్ ప్రకారం నెలలోపు అయితే 20 శాతం మినహాయిస్తాం, నెల దాటితే 30 శాతం, అయినా థర్డ్ పార్టీ భాగం, అంటే ఎదుటివాళ్ళకి జరిగే నష్టానికి ఉండే కవరు, రద్దు అవదు కదా సార్, ఆ రెండోది క్యాన్సిల్ చేసుకోండి" అంది. నాన్న పాలసీ ఇచ్చిన బ్రాంచికి వెళ్తే అక్కడి మేడమ్ గారు కళ్ళజోడు పైకి నెట్టుకుని "ముందు ఎవరి దగ్గర తీసుకున్నావో వాళ్ళదే తీసేయించుకో బాబూ" అన్నారు. వాళ్ళు వీళ్ళ మీద, వీళ్ళు వాళ్ళ మీద. నెల దాటితే కోత పెరుగుతుందంటున్నారు, అంటే నాకు ఇంకా వారం రోజులే ఉంది, అదే టెన్షన్.

నా ఆలోచన నాన్నది రద్దు చేయించి, తక్కువకి వచ్చింది కాబట్టి నాది ఉంచుకోవాలని. నిజంగా 20 శాతం కోయొచ్చా? జీఎస్టీ కూడా పోతుందా? ఇలాంటిది ఎవరికైనా అనుభవమైతే చెప్పండి.

కూకట్‌పల్లి కుర్రోడు

బ్రో, ఇన్సూరెన్స్‌కి 15 రోజుల ఫ్రీ లుక్ ఉంటుంది. ఆ లోపు అయితే మొత్తం ఇచ్చేసేవాళ్ళు. నీకు 23 అయిపోయాయి కాబట్టి ఎంతిస్తే అంత తీసుకో.

డ్రైవర్ సీట్ రాజా

రెండూ ఉంచేయ్ అన్నా. రేపు ఎవడైనా గుద్దితే రెండు కంపెనీల దగ్గరా క్లెయిమ్ వేసుకో, కట్టిన డబ్బుకి డబుల్ వస్తుంది 😀

ఒంగోలు మాస్టారు

పై రెండూ పట్టించుకోకు శీనూ.

ఫ్రీ లుక్ అనేది జీవిత బీమాకి, ఆరోగ్య బీమాకి ఉన్న వసతి. కారు పాలసీకి ఫ్రీ లుక్ లేదు. ఇక రెండు చోట్లా క్లెయిమ్ అనేది కుదరదు. బంపరు మార్చడానికి 18 వేలయితే 18 వేలే వస్తుంది, అది ఒక్కళ్ళు ఇచ్చినా ఇద్దరూ పంచుకుని ఇచ్చినా. నష్టాన్ని పూడ్చడం వరకే బీమా, లాభం రానివ్వరు. పైగా రెండోది దాచిపెట్టి క్లెయిమ్ వేస్తే అది మోసం లెక్కలోకి వస్తుంది.

ఇప్పుడు అసలు విషయం. వాళ్ళు చెప్పిన 20, 30 శాతం గాల్లోంచి పుట్టింది కాదు. కంపెనీలన్నిటికీ కట్టుబాటైన రేట్ల పుస్తకం, 2002 నాటి ఇండియా మోటార్ టారిఫ్‌లో ఈ పట్టిక ఉండేది. నెల వాడితే ఏడాది ప్రీమియంలో 20 శాతం వాళ్ళు ఉంచుకుంటారు, రెండు నెలలకి 30, మూడుకి 40, అలా నెలకో పది పెరుగుతూ పోయి ఎనిమిది నెలలు దాటితే నీకు పైసా రాదు. ప్రీమియం రేట్ల మీద కట్టుబాటు 2007లో తీసేసినా పాలసీల భాష, షరతులు అలాగే నడిచాయి, కాబట్టి ఈ పట్టిక చాలా పాలసీ పుస్తకాల చివర చిన్న అక్షరాల్లో ఉంటూ వచ్చింది. కాల్ సెంటర్ వాళ్ళ ముందున్న స్క్రీన్‌లో బహుశా ఇంకా అదే ఉండి ఉంటుంది.

కానీ 2024 జూన్ 11న బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ సాధారణ బీమాకి ఒక మాస్టర్ సర్క్యులర్ ఇచ్చింది. అందులో ఉన్నది మన మాటల్లో చెబుతా. మామూలు వ్యక్తిగత పాలసీదారు ఎప్పుడంటే అప్పుడు పాలసీ రద్దు చేసుకోవచ్చు, కారణం చెప్పనక్కర్లేదు. ఏడాది లోపు పాలసీ అయి, అందులో క్లెయిమ్ లేకపోతే మిగిలిన రోజులకి దామాషా ప్రకారం ప్రీమియం తిరిగి ఇవ్వాలి. ఏడాదికి మించిన పాలసీ అయితే ఇంకా మొదలు కాని సంవత్సరాల ప్రీమియం ఇవ్వాలి. కంపెనీ తనంతట తాను రద్దు చేయాలంటే మాత్రం మోసం రుజువైతేనే, అదీ కనీసం 7 రోజుల నోటీసు ఇచ్చి.

అంటే నీ లెక్క ఇలా వేసుకో. 9,558లో జీఎస్టీ 18 శాతం పోతే అసలు ప్రీమియం 8,100. నువ్వు వాడింది 23 రోజులు, మిగిలింది 342. 8,100ని 365తో భాగించి 342తో గుణిస్తే 7,590 దాకా వస్తుంది. జీఎస్టీతో కలిపి అదే లెక్క వేస్తే 8,955. వాళ్ళ 20 శాతం కోత లెక్కలో అయితే 7,646. తేడా 1,309 రూపాయలు. ఈ 1,309 కోసమే నీ పోరాటం. చిన్నదే, కానీ నాలుగో నెలలో గుర్తొచ్చి ఉంటే సగం పోయేది, అప్పుడు ఈ తేడా ఎంత పెద్దదో ఆలోచించుకో.

థర్డ్ పార్టీ రద్దు అవదన్న మాటలో సగం నిజముంది. మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ ప్రకారం థర్డ్ పార్టీ లేకుండా బండి రోడ్డెక్కకూడదు. కాబట్టి వేరే పాలసీ ఏదీ లేకుండా ఉన్నది తీసేయమంటే ఒప్పుకోరు. నీకు ఇంకో పాలసీ అమల్లో ఉంది కదా, ఆ కాపీ జతచేస్తే వాళ్ళ అభ్యంతరం అక్కడితో తీరిపోతుంది.

ఇంకో మాట, ఇవాళే మెయిల్ పెట్టు. ఫోన్లో చెప్పినదానికి తారీఖు ఉండదు. మెయిల్‌కి ఉంటుంది. రేపు వాళ్ళు పది రోజులు నాన్చి "నెల దాటిపోయింది" అన్నా నీ దగ్గర కాగితం ఉంటుంది.

పాతికేళ్ళ ఏజెంటు

మాస్టారి లెక్కకి తిరుగులేదు. నేను వృత్తిలో ఉన్నవాణ్ణి, రాజమండ్రి. (వాళ్ళ నాన్నగారి ఏజెంటుని నేను కాదు, కమీషన్ కోసం చెబుతున్నానని అనుకోకండి.)

శీను గారూ, రద్దు చేసేముందు రెండు పాలసీలూ పక్కపక్కన పెట్టి ఒక్క గడి చూడండి. నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ లేని ఏళ్ళకి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, దేంట్లో ఎంత వేశారు? మీరు సింగ్‌నగర్ అన్నారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మీ కారు మునిగిందా? అప్పుడు క్లెయిమ్ తీసుకున్నారా?

సింగ్‌నగర్ శీను

మాస్టారూ, చాలా థ్యాంక్స్ అండీ, మెయిల్ డ్రాఫ్ట్ రాసుకున్నా.

ఏజెంటు గారూ, మునిగింది. ఆ ఆదివారం తెల్లారేసరికి నీళ్ళు మా మెట్ల దాకా వచ్చాయి, కారు సీట్ల వరకు మునిగి నాలుగు రోజులు అలాగే ఉంది. నీళ్ళు తీశాక నేను తాళం తిప్పి చూద్దామని కూర్చున్నా కూడా. అప్పుడే మా పాత ఏజెంటు గారు నాన్నకి ఫోన్ చేసి "బాబు గారిని తాళం ముట్టుకోవద్దనండి, స్టార్ట్ చేస్తే ఇంజన్‌లోకి నీళ్ళు లాగేసి కడ్డీలు వంగిపోతాయి, బండిని లాగించుకునే తీసుకెళ్ళాలి" అన్నారు. అలాగే చేశాం. సీట్లు, వైరింగు, కార్పెట్లు అన్నీ మార్చారు, క్లెయిమ్ వచ్చింది. నాన్నకి ఆయనంటే ఎందుకంత గురి అంటే అందుకు.

ఇక బోనస్. నాన్న పాలసీలో 20 శాతం ఉంది. నా ఆన్‌లైన్ దాంట్లో 35 శాతం. ఎక్కువ బోనస్ అంటే మంచిదే కదా?

పాతికేళ్ళ ఏజెంటు

అయ్యా, చిక్కంతా అక్కడే ఉంది. మీకు తక్కువకి వచ్చిందే ఆ తప్పు వల్ల.

2024 సెప్టెంబరులో క్లెయిమ్ తీసుకున్నారు. కాబట్టి 2025 జనవరి రెన్యూవల్‌లో బోనస్ సున్నా అయి ఉంటుంది. ఆ ఏడాది క్లెయిమ్ లేకుండా గడిచింది కాబట్టి ఈ జనవరికి 20. ఆ మెట్లు ఎవరికైనా ఒకటే, 20, 25, 35, 45, 50. ఒక్క క్లెయిమ్ పడితే మళ్ళీ కింది నుంచి ఎక్కాలి. నాన్నగారిది సరైనది. మీది వరద క్లెయిమ్ లేనట్టు వేసుకున్న లెక్క.

ఆన్‌లైన్‌లో ఒక పేజీలో "గత పాలసీలో క్లెయిమ్ తీసుకున్నారా" అని అడిగి ఉంటుంది, లేదా పాత బోనస్ ఎంతో దానంతటదే నింపేసి "సరేనా" అని ఉంటుంది. అక్కడ మీరు టిక్కు పెట్టారంటే అది మీ డిక్లరేషన్ కిందకి వస్తుంది. ఆ డిక్లరేషన్ కింద రాసి ఉండే మాట చాలామంది చదవరు. ఇది తప్పని తేలితే పాలసీలో మొదటి సెక్షన్ కింద వచ్చే ప్రయోజనాలన్నీ పోతాయని. మొదటి సెక్షన్ అంటే మీ సొంత బండి డ్యామేజీ. క్లెయిమ్ వచ్చినప్పుడు కొత్త కంపెనీ పాత కంపెనీని అడిగి చూసుకుంటుంది, ఇదేం దాగదు. మీరు కావాలని చేయలేదని నాకు తెలుసు, సర్వేయరుకి తెలియదు.

కాబట్టి ఉంచుకోవాల్సింది నాన్నగారిది, తీసేయాల్సింది మీది. ఇంకొకటి కూడా చూడండి, నాన్నగారి దాంట్లో ఇంజన్ ప్రొటెక్ట్, అంటే నీళ్ళు చేరి ఇంజన్ పాడైతే ఇచ్చే కవరు, ఉందా? మీ వీధిలో అది లేకుండా పాలసీ తీసుకోవడం అంటే, ఏమనను, వాన పడదని పందెం కాయడం.

సింగ్‌నగర్ శీను

చూశా. నాన్న పాలసీలో ఇంజన్ ప్రొటెక్ట్ ఉంది, జీరో డెప్ (మార్చిన పార్టులకి తరుగు కోయని కవరు) ఉంది, ఐడీవీ (బండికి కట్టిన విలువ) 30 వేలు ఎక్కువ వేశారు. నా దాంట్లో జీరో డెప్ మాత్రమే ఉంది. ఆ రాత్రి ఫోన్‌లో పక్కన క్రికెట్ స్కోరు చూస్తూ టిక్కులు పెట్టుకుంటూ పోయా. సిగ్గుగా ఉంది. తిక్కగా నాన్నదే రద్దు చేయించబోయా.

బోనస్ తప్పు ఉంది కదా, నాది రద్దు చేస్తే రీఫండ్ ఇవ్వమంటారా? ఆ తప్పు నేనే ముందుగా చెప్పాలా?

ఒంగోలు మాస్టారు

ఏజెంటు గారు అడగకపోతే ఆ గడి నాకు తట్టేదే కాదు. నేను డబ్బు లెక్క వేశా గానీ ఏ పాలసీ లెక్క వేయాలో అడగలేదు. దండం పెట్టేశా.

పాతికేళ్ళ ఏజెంటు

రీఫండ్‌కి ఇబ్బంది ఉండదు. ఉంచుకోవాలనుకుంటే తేడా డబ్బు కట్టి బోనస్ సరిచేయించుకుని ఆ మార్పు రాసిన ఎండార్స్‌మెంట్ తీసుకోవచ్చు, అదీ ఒక దారి. రద్దే చేసుకుంటున్నారు కాబట్టి, ఒకే బండికి ఇంట్లో ఇద్దరం తెలియక తీసుకున్నాం, క్లెయిమ్ ఏమీ లేదు, ఇది రద్దు చేయండి అని రాస్తే చాలు. బోనస్ గురించి అడిగితే ఉన్నదున్నట్టు చెప్పండి.

వాళ్ళు ఒకటి అడగొచ్చు, రెండింటిలో ఏది ముందుది అని. పాత టారిఫ్‌లో, రెండు వేరు వేరు కంపెనీలవైతే తర్వాత మొదలైనదాన్ని దామాషా లెక్కన రద్దు చేయాలని ఉండేది. మీ రెండూ ఒకే అర్ధరాత్రి మొదలయ్యాయి కాబట్టి ఆ వాదనకి తావే లేదు. ఇప్పుడైతే ఎంచుకునేది మీరే. బ్రాంచి మేడమ్ గారు చెప్పినట్టే చేస్తున్నారు లెండి, కారణం వేరైనా.

మెయిల్‌తో పాటు పెట్టాల్సినవి నేను రోజూ చూసేవి చెబుతా. రద్దు చేసే పాలసీ కాపీ, ఉంచుకునే పాలసీ కాపీ, ఆర్‌సీ, పాలసీ ఎవరి పేరు మీద ఉందో వాళ్ళ సంతకంతో లెటర్, వాళ్ళ పేరున్న క్యాన్సిల్డ్ చెక్కు. ఆర్‌సీ నాన్నగారిది, అంటే మీ ఆన్‌లైన్ పాలసీ కూడా ఆయన పేరు మీదే, కాబట్టి కట్టింది మీ కార్డు నుంచి అయినా డబ్బు చాలాసార్లు ఆయన ఖాతాకే వేస్తారు. ఇక్కడ ఒక చిన్న గుంట ఉంది. నాన్నగారిది పాత ఆంధ్రా బ్యాంకు ఖాతా అయితే, అది 2020 ఏప్రిల్‌లోనే యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. పెద్దవాళ్ళు బీరువాలో దాచుకున్న ఆ పాత చెక్కుబుక్కులోంచే కాగితం చించి ఇస్తారు, దాని మీద పాత ఐఎఫ్ఎస్‌సీ కోడ్ ఉంటుంది, డబ్బు వెళ్ళి వెనక్కొచ్చేస్తుంది, మీరేమో కంపెనీని తిడుతూ కూర్చుంటారు. నా దగ్గరే ముగ్గురికి జరిగింది.

వరంగల్ వాణి

మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. నాది వేరే కథ. 2024 మేలో కొత్త కారు తీసుకున్నా, 1200 సీసీ, మూడేళ్ళ థర్డ్ పార్టీ ఒకేసారి కట్టించుకున్నారు. ఇప్పుడు బెంగళూరుకి ట్రాన్స్‌ఫర్ అయింది, కారు మా ఆఫీసులోనే ఒకరికి అమ్మేస్తున్నా. మాస్టారు గారు చెప్పినట్టు ఇంకా మొదలు కాని మూడో ఏడాది డబ్బు నాకు వాపస్ వస్తుందా? పాలసీ ఇప్పుడే క్యాన్సిల్ పెట్టేద్దామనుకుంటున్న.

ఒంగోలు మాస్టారు

వాణి గారూ, ఇప్పుడే పెట్టకండి. దయచేసి పెట్టకండి.

కారు చేతులు మారినా ఆర్‌సీలో పేరు మారేదాకా చట్టం దృష్టిలో ఓనరు మీరే. 2018లో సుప్రీంకోర్టు నవీన్ కుమార్ కేసులో ఇదే చెప్పింది, బండి ఎన్ని చేతులు మారినా రిజిస్టర్‌లో పేరున్నవాళ్ళే పరిహారానికి బాధ్యులని. మీరు పాలసీ తీసేసిన రెండో రోజు ఆయన హనుమకొండ చౌరస్తాలో ఎవరినైనా గుద్దాడనుకోండి, నోటీసు మీ బెంగళూరు అడ్రసుకి వస్తుంది, కట్టడానికి వెనక ఏ కంపెనీ ఉండదు. మూడున్నర వేల కోసం అంత రిస్కు ఎందుకు?

చట్టం 157వ సెక్షన్ ప్రకారం బండి అమ్మగానే థర్డ్ పార్టీ కవరు కొన్నవాళ్ళకి దానంతటదే వెళ్ళినట్టు లెక్క. కొన్నాయన 14 రోజుల్లో కంపెనీకి రాసి పేరు మార్పించుకోవాలి. సొంత డ్యామేజీ భాగం మాత్రం పేరు మార్పించుకునే దాకా ఆయనకి పనికిరాదు. మూడో ఏడాది థర్డ్ పార్టీ ఉంది కదా, మూడేళ్ళకి 10,640 జీఎస్టీ కాకుండా కట్టి ఉంటారు, అందులో మూడో వంతు దాదాపు 3,550. దాన్ని అమ్మే ధరలో కలుపుకోండి. ఆయనకి మే నుంచి ఏడాది పాటు ఆ ఖర్చు తప్పుతుంది కాబట్టి ఒప్పుకుంటాడు.

మీకు అసలు విలువైనది వేరే ఉంది.

పాతికేళ్ళ ఏజెంటు

మాస్టారు చెప్పబోతున్నది నేను చెప్పేస్తా. బోనస్ బండిది కాదమ్మా, మీది. ఓనరు పేరు మార్చే ఫారం 29, 30 కాపీలు, మారిన ఆర్‌సీ కాపీ పెట్టి కంపెనీ దగ్గర నో క్లెయిమ్ బోనస్ రిజర్వింగ్ లెటర్ తీసుకోండి. మూడేళ్ళు చెల్లుతుంది. బెంగళూరులో కొత్త కారు కొంటే ఆ లెటర్ పెట్టి డిస్కౌంట్ తీసుకోండి. కొత్త కారు మొదటి ఏడాది ఓన్ డ్యామేజీ ప్రీమియం మీద 20, 25 శాతం అంటే మీరు ఇప్పుడు అడుగుతున్న రీఫండ్ కంటే ఎక్కువే అవొచ్చు. షోరూమ్ వాళ్ళు దీని గురించి అడగరు, మీరే బల్ల మీద పెట్టాలి.

వరంగల్ వాణి

అయ్యో, మంచిదైంది అడిగిన. ఆ లెటర్ సంగతి నాకెవరూ చెప్పలే. థ్యాంక్స్ అండీ ఇద్దరికీ.

లెస్టర్ తెలుగోడు

మీ గొడవ చూస్తుంటే మాది గుర్తొచ్చింది. ఇక్కడ ఇంగ్లండ్‌లో 14 రోజుల కూలింగ్ ఆఫ్ కారు పాలసీకి కూడా ఉంది, అప్పటివరకు వాడిన రోజులకి, కాస్త ఖర్చులకి తీసుకుని మిగతాది ఇస్తారు. ఆ తర్వాత అయితే క్యాన్సిలేషన్ ఫీజు, ఎంతనేది పాలసీలోనే రాసి ఉంటుంది. నెలనెలా కట్టేవాళ్ళు క్లెయిమ్ తీసుకుని ఉంటే ఏడాది మొత్తం కట్టాల్సి వస్తుంది. మా రూమ్మేట్ ఒకడు ఇండియా వచ్చేస్తూ బ్యాంకులో డైరెక్ట్ డెబిట్ ఆపేసి పాలసీ క్యాన్సిల్ అయిపోయిందనుకున్నాడు. అది క్యాన్సిల్ చేసినట్టు కాదు, బాకీ పడ్డట్టు. కారు కూడా ఇంటి ముందే వదిలేసి వెళ్ళాడు, రోడ్డెక్కడం లేదని ఇక్కడి రవాణా శాఖ డీవీఎల్ఏకి చెప్పకుండా ఇన్సూరెన్స్ లేని బండి ఉంచుకుంటే ఇక్కడ 100 పౌండ్ల జరిమానా. ఆ ఉత్తరాలన్నీ నాకే వచ్చాయి.

డ్రైవర్ సీట్ రాజా

నేను జోక్ చేశా మాస్టారూ, సీరియస్‌గా తీసుకున్నారు 😅

సింగ్‌నగర్ శీను (ఫిబ్రవరి 24)

అప్‌డేట్ ఇస్తానన్నా కదా, లేటైంది.

3వ తారీఖు సాయంత్రమే మెయిల్ పెట్టా. లెటర్ మీద నాన్న సంతకం పెడుతూ ప్రతి లైను చదివారు, "తెలియక" అన్న చోట ఆగి నా వైపు చూశారు. చెక్కు విషయం ఏజెంటు గారు చెప్పింది అక్షరాలా నిజం. బీరువాలోంచి ఆంధ్రా బ్యాంకు చెక్కుబుక్కే తీశారు, దాని మీద పసుపు బొట్టు కూడా ఉంది, ఏదో ఉగాదికి పెట్టింది. మర్నాడు బ్రాంచికి వెళ్ళి కొత్తది తెప్పించుకోవడానికి రాసిచ్చి, ఈలోపు పాస్‌బుక్ మొదటి పేజీ స్కాన్ చేసి పంపా, సరిపోయింది.

9వ తారీఖున "మీ రీఫండ్ 7,646 మంజూరైంది" అని మెసేజ్. అదే 20 శాతం కోత. మళ్ళీ మెయిల్ రాశా, 2024 జూన్ 11 మాస్టర్ సర్క్యులర్ ప్రకారం దామాషా లెక్కన 8,955 రావాలి, మీరు ఏ నిబంధన కింద 1,309 ఆపారో రాతపూర్వకంగా చెప్పండి అని. "మా ప్రాసెస్ ప్రకారం" అని రెండు లైన్ల జవాబు వచ్చింది. దాన్నే జతచేసి ఐఆర్‌డీఏఐ వాళ్ళ బీమా భరోసా పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టా. (155255 అని ఫోన్ నంబరు కూడా ఉంది, ఆన్‌లైన్ అలవాటు లేనివాళ్ళకి పనికొస్తుంది.) దానికి కూడా లొంగకపోతే లక్డీకాపూల్‌లో ఉన్న బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్ళొచ్చని చదివా, ఆంధ్రాకి తెలంగాణకి అదే ఆఫీసు, కంపెనీకి ఫిర్యాదు చేశాక నెల ఆగాలి, ఫీజు ఏమీ ఉండదు. అంత దూరం పోలేదు. ఆరో రోజున కంపెనీ నుంచి ఎవరో ఫోన్ చేసి "సిస్టమ్‌లో పాత స్కేల్ లాగింది సార్" అన్నారు. నిన్న మిగతా 1,309 కూడా పడింది. జీఎస్టీ వాటాతో సహా వచ్చింది.

రద్దయిన మూడు రోజులకి బండి వివరాలు చూపే యాప్ ఎంపరివాహన్‌లో చూస్తే ఇన్సూరెన్స్ దగ్గర ఇంకా నా పాత పాలసీ నంబరే ఉంది, నాన్నది రాలేదు. బెంజ్ సర్కిల్ దగ్గర ఆపితే రెండు వేలు రాసేస్తారేమోనని నాన్న పాలసీ పీడీఎఫ్ ఫోన్‌లో పెట్టుకుని తిరిగా. బ్రాంచి మేడమ్ గారికి చెబితే మళ్ళీ అప్‌లోడ్ చేశారు, ఇప్పుడు కనిపిస్తోంది. రద్దు చేసుకునేవాళ్ళు ఇది కూడా చూసుకోండి.

ఒక్కటే మిగిలింది. కట్టింది నా కార్డు మీద, వాపస్ పడింది నాన్న ఖాతాలో. మొత్తం 8,955. ఆయన పాస్‌బుక్ ప్రింట్ వేయించుకొచ్చి, రెండు ఎంట్రీలూ చూసుకుని, ఏమీ అనకుండా బీరువాలో పెట్టేశారు.

పాతికేళ్ళ ఏజెంటు

అడక్కండి శీను గారూ. వచ్చే జనవరి రెన్యూవల్ ఆయన అందులోంచే కడతారు.